చోటా, చేటా?

పని గది, మధ్యాహ్నం

పంతులమ్మకి,

బావ చనిపోయిన ఏడు నేను నీకు ఒక ఉత్తరం రాశాను. నా జన్మకి అదే పెద్ద ఉత్తరం. దానికి నువ్వు జవాబు రాయలేదు. నా కాగితమే నాకు తిప్పి పంపావు, ఎర్ర సిరాతో దిద్ది. పేజీ నిండా కోడి గీకినట్టు ఎర్ర గీతలు. నేనేమన్నా నీ బడి పిల్లాణ్ణా? నీకంటే ముందు పుట్టినవాణ్ణి. ఆ రోజు పెట్టిన కలం ఇదిగో ఈ రోజు పట్టాను. మధ్యలో పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నాం, అంతే. ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. కడుపులో కాస్త తేలికయింది.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డు తగల్లేవు. పైగా ఫోను ఆనించుకునే చెవే బాగాలేదు. అసలు సంగతి అదే.

కుడి చెవి పైఅంచున, పెన్సిలు పెట్టుకునే దగ్గర, గరుగ్గా ఒక పొక్కు లేచింది. పెన్సిలు రాపిడి అనుకున్నాను. చెక్కు కట్టేది, ఊడేది, రక్తం వచ్చేది. మీ వదిన నూనె రాసింది, తిట్టింది, మళ్ళీ నూనె రాసింది. చివరికి ఆస్పత్రికి లాక్కుపోయింది. అక్కడ డాక్టరమ్మ చిన్న ముక్క గిల్లి పరీక్షకి పంపింది. చర్మానికి వచ్చే కాన్సరట. ఇన్నేళ్ళు ఇళ్ళ పైకప్పుల మీద ఎండలో కూర్చుని దూలాలు బిగించాను కదా, ఆ ఎండ ఇప్పుడు వసూలు చేసుకుంటోందట.

డాక్టరమ్మ రెండు దార్లు చెప్పింది. ఒకటి కోత. చెవి పై సగం పోతుంది, రోగం పోతుంది. ఎప్పటినుంచో చేస్తున్నదీ, నమ్మకమైనదీ అదేనంది. రెండోది సూది. మామూలు సూది కాదు, ఆ పొక్కులోకే పొడుస్తారు. ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయట. ఈ రోగం వాటికి కళ్ళెం వేసి పక్కన కూర్చోబెడుతుందట. ఈ మందు ఆ కళ్ళెం ఊడదీస్తుంది, అప్పుడవే లేచి రోగాన్ని తింటాయి అంది. కొత్త పద్ధతి, ఇంకా పరీక్షిస్తున్నారు, అందరికీ పనిచెయ్యదు, పనిచెయ్యకపోతే మళ్ళీ కత్తే అని కూడా అంది. దాచలేదు. అది నాకు నచ్చింది.

కోత అంటే బయం లేదు నాకు. నీకు చెప్పడానికి రాస్తున్నాను, బయం లేదు. కానీ సగం చెవితో పెన్సిలు ఎక్కడ పెట్టుకోను? కళ్ళజోడు దేనికి తగిలించను, తలకి మేకు కొట్టుకోనా?

ఇంకొక సంగతి. నేను బడి మానేసి నాన్నతో పనికి పోయే రోజుల్లో సాయంత్రం పూట పలక పట్టుకొచ్చి నాకు అక్షరాలు నేర్పింది నువ్వే. బెత్తెడు పిల్లవి. తప్పు రాస్తే చెవి మెలిపెట్టేదానివి. ఈ చెవే అది. అందుకని నిన్ను అడగడం ముక్యం అనిపించింది. కొయ్యమంటావా, పొడిపించుకోమంటావా?

జవాబు రాస్తే రాయి. ఈ కాగితం మాత్రం తిప్పి పంపకు.

నీ అన్న

*

మా ఇల్లు, కిటికీ పక్క బల్ల

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఇప్పుడు ఆ రెండూ తగ్గాక రాస్తున్నాను.

ముందు నీ కోపం సంగతి తేల్చుకుందాం, అది తేలకపోతే నువ్వు చెవి సంగతి విననే వినవు. ఆనాటి ఉత్తరం చివర ఏం రాశావో గుర్తుందా? లోకంలో అందరూ తప్పులుంటే మన్నించమని రాస్తారు. నువ్వు 'తప్పులుంటే దిద్దు' అని రాశావు. దిద్దాను. చిన్నప్పుడు మనిద్దరం చేసింది అదే కదా, నువ్వు రాయడం, నేను దిద్దడం. ఆయన పోయిన ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని నీ కాగితం దిద్దుతుంటే మళ్ళీ ఆ పలక ముందు కూర్చున్నట్టు ఉండింది నాకు. ఆ వారం మొత్తానికి నేను నవ్వింది అప్పుడే.

కానీ ఒక చోట ఆగిపోయాను. 'మా ఇంట్లో నీకు చేటు ఉంది' అని రాశావు. చోటు అని రాయబోయి ఓత్వానికి బదులు ఏత్వం పెట్టావని ఒక మనసు అనింది. వదినకి నేను రావడం ఇష్టం లేదేమో, అన్నయ్య చెప్పలేక చెబుతున్నాడేమో, వస్తే నీకే కీడు అంటున్నాడేమో అని ఇంకో మనసు. అందుకే ఆ మాట పక్కన 'చోటా, చేటా?' అని రాసి పంపాను. నువ్వు ఆ ఒక్క అక్షరం దిద్ది పంపుతావని రోజూ గేటు వైపు చూశాను. చూడటం ఎప్పుడు మానేశానో గుర్తు లేదు.

కాబట్టి జవాబు బాకీ పడింది నేను కాదు, నువ్వు.

ఇక చెవి. నాకు తెలిసిన వైద్యం బడిలో మోకాళ్ళు చీరుకున్న పిల్లలకి కట్టు కట్టడం వరకే. నువ్వు ఎటు అన్నా నేను సరే అంటాను, కానీ ఊరికే కాదు. డాక్టరుగారిని వెళ్ళి ఇది అడుగు: సూది పనిచెయ్యకపోతే, ఈలోగా రోగం ఎదిగి, అప్పుడు కొయ్యాల్సింది ఇంకా ఎక్కువవుతుందా? ఎన్నాళ్ళకొకసారి చూసి ఆ సంగతి పసిగడతారు? ఆవిడ చెప్పింది నీకు గట్టిగా అనిపిస్తే సూది. డొంకతిరుగుడుగా చెబితే కోత. సగం చెవి ఉన్న అన్నయ్య నాకు చాలు. చెవులు రెండూ ఉండి అన్నయ్య లేకపోతే వాటిని ఏం చేసుకోను?

నీ ఉత్తరం దిద్దలేదు. ఒక్కటి మాత్రం ఆపుకోలేకపోతున్నాను. భయంలో మొదటి అక్షరానికి కింద వత్తు ఉంటుంది. వత్తు తీసేస్తే భయం సగమవుతుందనుకున్నావా?

నీ చెల్లెలు

*

పని గది, రంపం పక్కన పెట్టి

పంతులమ్మకి,

చోటు. చోటు. చోటు.

మూడుసార్లు రాసి మూడుసార్లూ సరిచూసుకున్నాను. ఓత్వమే.

ఆ కాగితం వచ్చిన రోజే పొయ్యిలో పెట్టాను. ఎరుపు కనపడగానే కళ్ళు మూసుకుపోయాయి, నువ్వు పక్కన ఏం రాశావో చూడలేదు. మీ వదినకి నీ ఉత్తరం చదివి వినిపించాను. చేటు అన్న చోట నా వైపు చూసింది చూడు, ఆ చూపుకి రెండో చెవి కూడా రాలిపోవాలి. "ఆ పిల్ల నా వల్ల రాలేదనుకుంటూ ఇన్నేళ్ళు బతికిందా" అనింది. తర్వాత అన్నం పెట్టలేదు. నేనే పెట్టుకున్నాను.

దిద్దు అని ఎందుకు రాశానో కూడా విను. మన్నించు అని రాద్దామనే అనుకున్నాను. అది నాకు రాయడం రాలేదు. ఎన్ని నకారాలు, ఏది కింద, ఏది పక్కన. ద్దు అయితే వచ్చు. వచ్చిన మాట రాశాను. దానికి ఇంత అయింది.

నువ్వు చెప్పినట్టే అడిగాను. డాక్టరమ్మ కుర్చీ నా ముందుకి లాక్కుని కూర్చుంది. "మంచి ప్రశ్న, ఎవరు అడగమన్నారు?" అంది. నేనే అని చెప్పాను. ప్రతిసారీ పొక్కు కొలుస్తాం, ఎదుగుతుంటే అక్కడితో సూది ఆపి కోస్తాం, కొద్ది వారాలు ఆలస్యమైనా మీ పొక్కు చిన్నది కాబట్టి చేయి దాటిపోదు, అదే పెద్దదైతే ఈ మాట అనను అంది. గట్టిగానే చెప్పింది. సూదికే సరే అన్నాను. కాగితాలు మీ వదిన ముందు చదివి వినిపించి వేలెట్టి చూపించి మరీ సంతకం పెట్టించారు.

మొదటి సూది అయింది. చెవి అంచు పలచన కదా, సూది దిగుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడవలేదు, అవే తిరిగాయి.

డాక్టరమ్మ కళ్ళెం అంటే నాకు ఎక్కలేదు కానీ, ఇంటికొచ్చి చెద పట్టిన గుమ్మం ఒకటి బాగు చేస్తుంటే అర్థమైంది. చెదపురుగు పైకి మట్టి కప్పుకుని లోపల తింటుంది. పైకి కనపడదు కాబట్టి చీమ కూడా దాని జోలికి పోదు. ఆ మట్టి గీకి పారేస్తే చీమలే వరస కట్టి వచ్చి దాన్ని లాక్కుపోతాయి. ఈ మందు ఆ మట్టి గీకే ఉలి అన్నమాట. ఈ మాట డాక్టరమ్మకి చెబితే నవ్వింది. తప్పు అనలేదు.

దైర్యంగానే ఉన్నాను.

నీ అన్న

*

మా ఇల్లు, అదే బల్ల

అన్నయ్యా,

నీ మూడు చోట్లూ నాకు అందాయి. చాలాసేపు ఆ కాగితం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

కానీ అది ఆనాటి చోటు. ఇప్పటి సంగతి నువ్వేమీ రాయలేదు. అడగడం లేదులే. ఊరికే అన్నాను.

వదినకి చెప్పు, నేను రాకపోవడానికి ఆవిడ కారణం కాదని. కారణం ఒక ఏత్వం.

చెద సంగతి బాగా రాశావు. నేనింకా బడిలో ఉండి ఉంటే ఆ పాఠం నీ చేత చెప్పించేదాన్ని. ధైర్యానికి కూడా వత్తు ఉంటుంది, కానీ అది లేకుండా కూడా నువ్వు ధైర్యంగానే కనపడుతున్నావు, వదిలేస్తున్నాను.

ఒక సంగతి కనుక్కుని రాయగలవా? మా పక్కింటావిడకి చేతి వెనక భాగాన పాత కాలిన మచ్చ ఉంది. చిన్నప్పటిది. ఆ మచ్చ మీద ఇప్పుడు పుండు లేచింది. మానినట్టే ఉంటుంది, మళ్ళీ పగులుతుంది. నీలాగే చెక్కు, నీలాగే రక్తం. నేను నీ సూది సంగతి చెబితే ఆసక్తిగా విన్నది. అది చేతికి కూడా వేస్తారా? నొప్పి ఎంత? వేసుకున్న రోజు ఆ చేత్తో పని చేసుకోవచ్చా? పాపం, ఒక్కతే ఉంటుంది. ఎవరినీ అడగలేదు.

రాత వంకరగా ఉందని అనుకోకు. ఈ బల్ల ఎత్తు నాకు సరిపోవడం లేదు, మోచెయ్యి ఆనడం లేదు. నువ్వు మాత్రం సూది మానకు.

నీ చెల్లెలు

*

ఆస్పత్రి వరండా, చెక్క బెంచీ మీద నుంచి

పంతులమ్మకి,

సూది మానేస్తున్నాను. కొయ్యించుకుంటాను. ఈ మాట లోపలికి వెళ్ళి చెప్పే ముందు నీకు రాస్తున్నాను.

మూడో సూది తర్వాత చెవి వాచిపోయింది. మామూలు వాపు కాదు. ఎర్రగా, వేడిగా, చెవి నాది కాదు ఎవరిదో తెచ్చి అంటించినట్టు. రాత్రంతా దురద. ఒళ్ళు వెచ్చబడి మంచం ఊగేటంత చలి వచ్చింది. పొక్కు అంతకు ముందు కందిగింజంత ఉండేది, ఇప్పుడు ఎంత ఉందో వాపులో తెలియడం లేదు. మీ వదిన దుప్పటి మీద దుప్పటి కప్పింది. నాకు కనపడకుండా వెళ్ళి పెరట్లో ఏడ్చింది. కనపడకుండా ఏడుస్తున్నాననుకుంది, ముక్కు చీదింది వినపడింది.

డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది, చేటు కనపడితే ఆపేస్తానని. ఈసారి చేటే రాశాను, కావాలనే రాశాను.

నిన్న పని గదిలో ఒక ముక్క కోస్తూ గీతకి ఇవతల కోశాను. నా చేతిలో అలా జరగదు. ముక్క పొట్టిదైపోయింది, పనికిరాదు. కూర్చుండిపోయాను. బయం వేసింది. రాశాను, ఇప్పుడు నవ్వుకో.

నీ అన్న

*

మా ఇల్లు

అన్నయ్యా,

నవ్వలేదు.

ఈ ఉత్తరం నీకు అందే లోపే నువ్వు లోపలికి వెళ్ళి ఉంటావు. వెళ్ళి 'మానేస్తాను' అని చెప్పి తిరిగి వచ్చేసి ఉంటే మాత్రం, వెనక్కి వెళ్ళు. 'ఇలా ఎందుకైంది' అని ముందు అడుగు. నువ్వు ఏ ఇంటి తలుపు బాగు చెయ్యడానికి వెళ్ళినా ముందు ఎందుకు పట్టేస్తోందో చూస్తావు కదా. చూడకుండానే ఊడబెరుకుతావా?

నువ్వు రాసిన చీమల సంగతే తలచుకున్నాను. అవి వరస కట్టి వస్తే ఆ గుమ్మం దగ్గర గందరగోళం ఉండదా? నేను చెప్పేది తప్పు కావచ్చు, ఆ జ్వరం చెడ్డదే కావచ్చు. అది తేల్చవలసింది ఆవిడ. నువ్వూ కాదు, నేనూ కాదు, పెరట్లో వదినా కాదు.

నేను పక్కన ఉంటే ఆ చెవి పట్టుకుని లోపలికి తీసుకుపోయేదాన్ని. వాచిందన్నావు కాబట్టి రెండోది పట్టుకునేదాన్ని.

పొడుగు రాయలేకపోతున్నాను. బల్ల.

చెల్లెలు

*

పని గది, పొద్దున్నే

పంతులమ్మకి,

నువ్వు రాసింది చేరేసరికి అడగడం అయిపోయింది. నేను మానేస్తానంటే డాక్టరమ్మ చెవి చూసి, జ్వరం చూసి, రక్తం పరీక్ష చేయించి, చీము పట్టలేదని తేల్చుకుని, అప్పుడు చెప్పింది. కాపలా వాళ్ళు లేచారు, ఈ వాపు అందుకే కావచ్చు అంది. కావచ్చు అనే అంది. ఒక వారం ఆగి, జ్వరానికి మాత్రలిచ్చి, మళ్ళీ సూది వేసింది. తర్వాత వాపు తగ్గింది. తగ్గాక పొక్కు కోసం వెతుక్కోవలసి వచ్చింది.

ఇప్పుడు సూదులు అయిపోయాయి. పొక్కు ఉన్న దగ్గర మళ్ళీ ముక్క గిల్లి పరీక్షకి పంపారు. చెడ్డ కణాలు కనపడలేదట. డాక్టరమ్మ సంబరపడనివ్వలేదు. పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి, మళ్ళీ రావచ్చు, ఎండలోకి టోపీ లేకుండా పోతే ఊరుకోను అంది. చెవి అంచున చిన్న నొక్కు పడింది. పెన్సిలు అందులో కుదురుగా కూర్చుంటోంది, ఇదివరకటికంటే నయం.

బెంచీ మీద నా పక్కన కూర్చునే బస్సు డ్రైవరుకి ముక్కు మీద ఇదే రోగం. ఆయనకి సూది పనిచెయ్యలేదు, కోశారు. నిన్న కనపడ్డాడు. ముక్కు మీద కుట్లు, మనిషి మాత్రం బస్సు నడుపుతూనే ఉన్నాడు. "నీది మందు, నాది మరమ్మతు" అన్నాడు. ఇద్దరం టీ తాగాం. ఈ సంగతి మీ పక్కింటావిడకి చెప్పు. కత్తి కూడా రాక్షసి కాదు.

మీ పక్కింటావిడ సంగతి నేను చాలా ఆలోచించాను. చేతి వెనక, చిన్నప్పటి కాలిన మచ్చ అన్నావు. నాన్న దగ్గర పొయ్యి మీద జిగురు గిన్నె ఒలికి నీ కుడి చేతి మీద పడ్డ రోజు నాకు గుర్తుంది. మచ్చ ఆకు ఆకారంలో ఉండేది. మీ పక్కింటావిడకి కూడా ఎక్కడన్నా జిగురు గిన్నె ఒలికిందా?

ఇంకొకటి. ఆ బల్ల నీ పెళ్ళికి నేను చేసింది. నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీ మోచేతికి తాడు పట్టి కొలిచి చేశాను. చెక్క పెరగదు. నువ్వూ ఈ వయసులో పెరగవు. ఆ బల్ల ఎత్తు ఎలా సరిపోకుండా పోయింది?

నీ చెయ్యి ఎలా ఉంది?

నీ అన్న

*

ఇల్లు

అన్నయ్యా

చెవి దక్కినందుకు ఎంత సంతోషమో రాయలేను. నిజంగానే రాయలేను, పొడుగు రాస్తే అలసట.

నా చెయ్యి బాగానే ఉంది. బల్ల సంగతి వదిలెయ్యి, కుర్చీ మారింది.

పక్కింటావిడకి అన్నీ చెప్పాను. డ్రైవరుగారి సంగతి కూడా. ఆవిడ ఆస్పత్రికి పోనంటోంది. పోతే చెయ్యి తీసేస్తారేమోనని ఆమెకి బయం. జన్మంతా ఆ చేత్తోనే సుద్దముక్క పట్టింది. అది పోతే తను ఎవరో తనకే తెలియదట. వయసైపోయింది, ఇలాగే గడిచిపోనీ అంటోంది. నేనూ గట్టిగా చెప్పలేకపోయాను.

వదినని అడిగానని చెప్పు.

చె.

*

పని గది. ఇప్పుడే, నువ్వు రాసింది చదివిన వెంటనే

చెల్లెమ్మకి,

నీ ఉత్తరం తిప్పి పంపుతున్నాను. దిద్దాను. నా దగ్గర సిరా లేదు, దూలాల మీద గీతలు గీసే ఎర్ర పెన్సిలు ఉంది. మూడు తప్పులు దొరికాయి.

మొదటిది. 'నా చెయ్యి బాగానే ఉంది' అని రాశావు. 'బాగానే ఉంది' కొట్టేశాను, 'బాగా లేదు' అని పెట్టాను.

రెండోది. 'పక్కింటావిడ', 'ఆవిడ', 'ఆమె' అని ఉన్న ప్రతి చోటా కొట్టేసి 'నేను' అని రాశాను. ఇప్పుడు చదువు, సరిగ్గా అతుకుతుంది. పక్కింట్లో ఎవరూ సుద్దముక్క పట్టినవాళ్ళు లేరు.

మూడోది. 'బయం' అని రాశావు. నువ్వు. వత్తు లేకుండా. దాన్ని చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎడమ చేత్తో రాస్తున్నావని నీ వంకర రాతే చెబుతోంది. అలా రాసినా, అలసిపోయి రాసినా, నువ్వు ఆ వత్తు వదిలేదానివి కావు. దాని కింద నేనే వత్తు పెట్టాను. నీ భయం నాకు పూర్తిగా కనపడాలి. నాది కూడా ఈసారి వత్తుతోనే రాస్తున్నాను. నాకు భయంగా ఉంది.

నిన్న, ఈ ఉత్తరం రాకముందే, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా చెవి చూపించుకునే రోజు కాదు. బయట కూర్చుని అందరూ అయ్యాక లోపలికి పోయాను. చిన్నప్పటి కాలిన మచ్చ మీద మానని పుండు అని చెప్పాను. రాస్తున్న కలం పక్కన పెట్టేసింది. "ఎవరికి?" అంది. మా చెల్లికి అన్నాను. పక్కింటావిడకి అనలేదు. "ఎన్నాళ్ళ నుంచి?" అంది. తెలియదు, దాచింది అన్నాను. పాత మచ్చ మీద లేచే పుండుని తేలిగ్గా తీసుకోకూడదు, రోగం కాకపోవచ్చు, అయితే మాత్రం ఆలస్యం మంచిది కాదు, ముందు చూడాలి అంది. సూదో కోతో చూడకుండా చెప్పనంది. కోత అయినా చెయ్యి అంతా తీసెయ్యడం అనేది చివరి మాట, మొదటి మాట కాదు అని కూడా అంది. ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను, నీకు రాయడానికి. వచ్చే బుధవారం పొద్దున్న మనిద్దరినీ రమ్మంది.

ఈ చేతితోనే కదా నా చెవి మెలిపెట్టావు. చెవి నేను కాపాడుకున్నాను. చెయ్యి నువ్వు కాపాడుకోకపోతే ఈ చెవి ఎవరి కోసం?

సుద్దముక్క పోతే నువ్వు ఎవరో నీకు తెలియదన్నావు. నాకు తెలుసు. అడిగితే చెబుతాను, ఎదురుగా వచ్చి అడిగితే.

మీ వదిన నీ గది కడిగింది. గది అంటే కలప దాచుకునే గది, కలప బయట పెట్టాను. కిటికీ తూర్పుకి ఉంది. తలుపు నిన్న సాయంత్రం బిగించాను. గడియ ఎడమ చేత్తో తీసుకునేలా పెట్టాను. కుడి చెయ్యి బాగయ్యాక అటు మారుస్తాను, అది ఒక పూట పని. నీ బల్ల కూడా తెచ్చుకో. దాని ఎత్తులో తప్పు లేదు.

ఆనాడు చెప్పింది మళ్ళీ చెబుతున్నాను. ఆనాటి మాట కాదు, ఈ రోజు మాట. ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి చూసుకుని రాస్తున్నాను. మా ఇంట్లో నీకు చోటు ఉంది.

మన్నించు. ఇది నేర్చుకోవడానికి కాగితం వెనక చాలాసార్లు రాశాను. మీ వదినకి చదవడం రాదు కానీ పక్కన కూర్చుని, బాగుంది, గుండ్రంగా ఉంది అంటూ ఉంది.

సోమవారం సాయంత్రం లోపు నీ జవాబు నా చేతికి రావాలి. 'వస్తున్నాను' అని ఒక్క మాట చాలు. సోమవారం దాటితే మంగళవారం పొద్దున్న బండికి పనిముట్ల పెట్టెతో నేనే వస్తాను. నువ్వు తలుపు తియ్యకపోతే బందులు ఊడదీసి తలుపు పక్కన పెట్టి లోపలికి వస్తాను. అది నాకు బాగా వచ్చిన పని.

ఎడమ చేత్తోనే రాయి. తప్పులున్నా దిద్దను. సోమవారం.

నీ అన్న